నిండు నెలల లెక్క

రాయపూరు నుండి దుర్గ్ వెళ్లు రైలుమార్గములో భిలాయి పవర్ హౌస్ అను స్టేషను ఉన్నది. దానిని ఆనుకొని బజారు, బజారును ఒరసికొని గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు. ఈ స్టేషనులో నేను చిన్నతనమునుండి మరల మరల చూచిన దృశ్యమొకటి కలదు. చేతుల నిండ గాజులతో, కొత్త చీరెతో ఒక చిన్నది బల్లమీద కూర్చుండి యుండును. ప్రక్కన తల్లియో, మేనత్తయో నీళ్ల సీసా పట్టుకొని నిలుచుండును. తండ్రి సామానులు లెక్కపెట్టుకొనుచుండును. శ్రీమంతము జరిగినది; పిల్లను పురిటికి తీసికొని పోవుచున్నారు. రాయపూరులో బండి మారి, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురముల మీదుగా విజయనగరము వైపు వెళ్లుదురు.

అట్టి పిల్లను చూచి హిందీ మాటలాడు పొరుగింటావిడ "పూరే దిన్ సే హై" అనును. మనవారు "నిండు నెలలు" అందురు. నాకు రెండు భాషలతోను పని గనుక ఈ రెండు మాటలను ప్రక్క ప్రక్కన పెట్టి చూచుట అలవాటైనది. రెండు భాషలును కోరినది నిండుదనమునే. నిండిన పిమ్మట కలుగునది క్షేమము, నిండకముందు కలుగునది భయము అని తరతరముల అనుభవము ఈ మాటలలో ఇమిడియున్నది. అయితే గర్భిణికి రక్తపు పోటు పెరిగినప్పుడు ఈ లెక్క తలక్రిందులగును. కడుపులో గడచు ఒక్కొక్క దినము బిడ్డకు బలము, తల్లికి గండము కావచ్చును. ఒక్కొక్కప్పుడు ఇద్దరికిని గండమే. ఎంతవరకు ఆగవచ్చును, ఎప్పుడు ఆగరాదు అను ప్రశ్నకు వైద్యశాస్త్రము 180 యేండ్లకు పైగా సమాధానము వెదకుచున్నది. ఆ అన్వేషణ మన కాలములో తల్లి రక్తమునందలి రెండు ప్రోటీనుల వద్దకు చేరినది. ఆ రెండును ఏమి చెప్పగలవో, ఏమి చెప్పలేవో విచారించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

భిలాయి ఉక్కుతో పెరిగిన ఊరు. 1955 ఫిబ్రవరిలో భారత, సోవియట్ ప్రభుత్వముల మధ్య ఒడంబడిక కుదిరినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించినారు. పని వెదకికొనుచు దేశపు నలుమూలలనుండి వచ్చినవారిలో తెలుగువారు పెక్కుమంది. వారిలోను ఉత్తరాంధ్రము వారి సంఖ్య పెద్దది. 1931లో పూర్తియైన రాయపూరు–విజయనగరము రైలుమార్గము వారికి సిద్ధముగా ఉన్నది. పనికి వచ్చిన దారియును, పురిటికి పోవు దారియును అదియే. మా నాయనగారు కూడ ఆ దారినే వచ్చి కర్మాగారములో చేరినారు. ఉక్కు కరగించు చోట ఒక పద్ధతి ఉన్నదని ఆయన చెప్పెడివారు. కరిగిన లోహమునుండి చిన్న నమూనా తీసి ప్రయోగశాలకు పంపుదురు. అక్కడినుండి అంకెలు వచ్చిన పిమ్మటనే దానిని దింపుట. రంగు చూచి చెప్పగల అనుభవజ్ఞులు ఎందరున్నను అంకె రావలసినదే.

తెలుగు కుటుంబములలో మొదటి కానుపు పుట్టింట జరుగుట ఆచారము. ఏడవ నెలలోనో, తొమ్మిదవ నెలలోనో ఆడపిల్లను తీసికొని వచ్చుదురు. తల్లి చేతి అన్నము, తెలిసిన ఇల్లు, అలసటకు విరామము—ఈ ఆచారములోని మేలును కాదనుటకు లేదు. కాని గర్భిణులకు వచ్చు రక్తపు పోటు వ్యాధి యొక్క నడకను దీని ప్రక్కన ఉంచి చూడవలెను. ఆ వ్యాధి 20 వారములు నిండిన తరువాత పుట్టును. చివరి మూడు నెలలలో హెచ్చుగా కనబడును. తొలిచూలు వారికే అధికముగా వచ్చును. అనగా వ్యాధి రాదగిన స్త్రీయును, వ్యాధి రాదగిన నెలలును, ప్రయాణము జరుగు సమయమును ఒక్కటే. ఆమెను అంతవరకు చూచిన వైద్యుడు ఒక ఊరిలో, కానుపు చేయవలసిన వైద్యుడు మరియొక ఊరిలో ఉందురు. నడుమ ఒక పగలో, ఒక రాత్రియో ప్రయాణము. ఆ పిమ్మట బంధువుల పలకరింపులతో గడచిపోవు వారములు.

ఇది నేను పుస్తకములలో చదివి నేర్చినది కాదు. 1984 వేసవిలో మా పెద్దనాయనగారి కుమార్తె, నాకు అక్కయ్య, భిలాయిలోని అత్తవారి ఇంటినుండి పార్వతీపురము వైపు ఉన్న పుట్టింటికి తొలికానుపునకు వెళ్లినది. కొలది దినములలో కాళ్లకు, ముఖమునకు నీరు వచ్చినది. కడుపుతో ఉన్నవారికి నీరు పట్టుట సహజమేనని పెద్దలు అన్నారు. తల నొప్పి వచ్చినది; ప్రయాణపు బడలిక అన్నారు. కండ్ల యెదుట మిణుగురులు ఆడుచున్నవని ఆమె ఒకనాటి సాయంకాలము చెప్పినదట. ఆ రాత్రియే మూర్ఛలు వచ్చినవి. పట్టణమునకు చేర్చినారు. ఆమె బ్రదికినది, బిడ్డ దక్కలేదు. తరువాత భిలాయిలో ఆమె రేకుపెట్టె తెరచినప్పుడు వైద్యులు వ్రాసి యిచ్చిన కార్డు బయటపడినది. బయలుదేరుటకు రెండు వారముల ముందు వ్రాసిన రక్తపు పోటు అంకె అంతకు మునుపటి నెల అంకెకంటె స్పష్టముగా హెచ్చియున్నది. ఆ కార్డును ఎవరును దాచలేదు, ఎవరును తిరస్కరించలేదు. దానిని వెంట తీసికొని పోవలెనని ఎవరికిని తోచలేదు, అంతే.

ఈ మూర్ఛలను మన పల్లెలలో గుర్రపువాతమనిరి. వైద్యులు ఎక్లాంప్సియా అందురు; మూర్ఛలకు ముందటి దశ ప్రీఎక్లాంప్సియా. రక్తపు పోటు 140/90కి చేరుట, మూత్రములో ప్రోటీను పోవుట, లేక మూత్రపిండములు, కాలేయము, మెదడు, రక్తకణములు దెబ్బతినుచున్న చిహ్నములు కనబడుట దాని లక్షణములు. నూరుగురు గర్భిణులలో ఇద్దరు మొదలు ఎనమండుగురి వరకు దీని పాలబడుదురని సాధారణముగా చెప్పు లెక్క. వ్యాధికి మూలము మాయలో ఉన్నది. అందుచేత మాయ బయటికి వచ్చినగాని, అనగా కానుపు జరిగినగాని, వ్యాధి తగ్గుముఖము పట్టదు. కానుపైన పిమ్మట కూడ కొన్ని దినములు మూర్ఛల భయము ఉండును. ఇట్టి వ్యాధిలో మందులు కాలమును కొంత కొని ఇచ్చును గాని వ్యాధిని మాన్పవు. కనుకనే ఇందులో సమయనిర్ణయమే చికిత్సలో ముఖ్యభాగమైనది.

సమయము నిర్ణయించుటకు ముందు వ్యాధిని గుర్తించవలెను గదా! పూర్వకాలపు వైద్యునకు మూర్ఛ వచ్చినప్పుడే వ్యాధి తెలిసెడిది, అప్పటికి ఆలస్యమైపోయెడిది. 1843లో లండనులోని గైస్ ఆసుపత్రి వైద్యుడు జాన్ లీవర్, మూర్ఛలు వచ్చిన గర్భిణుల మూత్రమును కాచి చూచి, అందులో ఆల్బుమిన్ అను ప్రోటీను గడ్డకట్టుటను గమనించినాడు. దీపము, చిన్న పాత్ర తప్ప వేరు పరికరము అక్కరలేని పరీక్ష అది. 1896లో టూరిన్ నగరమున రీవా రోచ్చి చేతికి చుట్టు రబ్బరు పట్టీతో రక్తపు పోటును కొలిచినాడు. మరుసటి యేడే పారిస్ వైద్యులు వాకే, నోబెకూర్ గుర్రపువాతములో రక్తపు పోటు పెరుగునని చూపినారు. 1905లో రష్యా వైద్యుడు కొరోత్కోవ్ ఆ పట్టీకి వినికిడి గొట్టమును జోడించి, రక్తనాళపు చప్పుడు విని పై అంకెను, క్రింది అంకెను వేరు వేరుగా చెప్పు పద్ధతిని నేర్పినాడు. నేడు పల్లెలోని నర్సు చేయునది కూడ చాలవరకు అదియే.

ఈ మూడు మెట్లలో ఒక్కొక్కటియు తెలివిడిని కొంచెము ముందునకు జరిపినది. మూర్ఛ కంటికి కనబడునది. మూత్రపు పరీక్ష మూర్ఛకు ముందే హెచ్చరించును. రక్తపు పోటు సాధారణముగా అంతకంటె ముందు. గర్భిణి ఏ జబ్బును లేకపోయినను నెలనెల వైద్యుని వద్దకు పోవలెనను ఆచారము 20వ శతాబ్దములో స్థిరపడుటకు ఈ రెండు పరీక్షలే ముఖ్యకారణములు. అయినను వ్యాధి యేల పుట్టుచున్నదో తెలియలేదు. ప్రతి ఆచార్యునకు ఒక సిద్ధాంతముండుట చూచి జర్మన్ వైద్యుడు పాల్ జ్వైఫెల్ దీనికి "సిద్ధాంతముల వ్యాధి" అని పేరు పెట్టినాడు. ఆ పేరు ఆ శతాబ్దమంతయు నిలిచినది.

చికిత్స యొక్క చరిత్రలో మన దక్షిణదేశమునకు చెప్పుకొనదగిన స్థానము కలదు. మద్రాసు ఎగ్మూరులోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి 1844 నాటిది. తెలుగు జిల్లాలు మద్రాసు రాష్ట్రములో ఉన్న దినములలో మన ప్రాంతపు ప్రసూతి వైద్యులలో అనేకులు ఆ సంప్రదాయములో పెరిగినవారు. 1887లో కర్నూలులో జన్మించిన ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు రచించిన ప్రసూతి వైద్యగ్రంథము విద్యార్థులకు తరములపాటు పాఠ్యమైనది. ఆ గ్రంథముతో కూడ సంబంధము గల కృష్ణమేనోన్ 1961లో మూర్ఛలు వచ్చిన గర్భిణులకు పెథిడిన్, క్లోర్‌ప్రొమజిన్, ప్రొమెథజిన్ అను మూడు మందులను కలిపి ఇచ్చు పద్ధతిని ప్రకటించినాడు. ఆ పద్ధతి చాలకాలము భారతీయ ఆసుపత్రులలో నడచినది. తరువాత దాని స్థానమును మెగ్నీసియం సల్ఫేట్ ఆక్రమించినది. 1995లో భారతదేశము కూడ పాల్గొనిన తొమ్మిది దేశముల పరిశీలనలో 1,687 మంది స్త్రీలను చూచి, మూర్ఛలు తిరిగి వచ్చుటను డయజిపాంకంటె మెగ్నీసియము 52 శాతము అధికముగా తగ్గించునని తేల్చినారు. 2002లో 10,141 మందిపై జరిగిన మాగ్పై పరిశీలన, మూర్ఛ రాకముందే ఈ మందు ఇచ్చినచో దాని అవకాశము 58 శాతము తగ్గునని చూపినది. ఖరీదైన మందు కాదు. జిల్లా ఆసుపత్రిలో ఉండదగినది.

ఇట్లు మూర్ఛను అదుపులో పెట్టుట తెలిసినది. అయినను మొదటి ప్రశ్న అట్లే మిగిలినది: కానుపు ఎప్పుడు? దీనికి వైద్యుల అభిప్రాయములు కావలసినన్ని ఉన్నవి; పరీక్షించి తేల్చిన సమాధానములు మాత్రము ఈ శతాబ్దములోనే వచ్చినవి. 2009లో నెదర్లాండ్స్ దేశపు హైపిటాట్ పరిశీలన 36 వారములు దాటి, వ్యాధి తీవ్రముగా లేని 756 మందిని రెండు భాగములు చేసినది. నొప్పులు రప్పించి కానుపు చేయించినవారిలో 31 శాతమునకు, వేచియున్నవారిలో 44 శాతమునకు తల్లికి కీడు కలిగినది. కాబట్టి 37 వారములు నిండినచో ఇక వేచియుండుట మేలు కాదను నిర్ణయము బలపడినది. అంతకు ముందటి వారములలో లెక్క అంత సులభముగా తేలలేదు. 2015లో అదే దేశమున 34 నుండి 37 వారముల నడుమ జరిగిన రెండవ పరిశీలనలో, వెంటనే కానుపు చేసినవారి బిడ్డలలో 5.7 శాతమునకు ఊపిరి ఇబ్బంది కలిగినది. వేచియున్నవారి బిడ్డలలో అది 1.7 శాతమే. 2019లో ఇంగ్లండు, వేల్సులలో 901 మంది ప్రీఎక్లాంప్సియా రోగులపై జరిగిన ఫీనిక్స్ పరిశీలన ఇరువైపుల లెక్కను ఒక్కచోట చూపినది. ముందుగా కానుపు చేసినచో తల్లికి కీడు 75 శాతమునుండి 65 శాతమునకు తగ్గినది. శిశువును ప్రత్యేక విభాగములో ఉంచవలసి వచ్చుట 34 శాతమునుండి 42 శాతమునకు పెరిగినది. తల్లికి కలిగిన మేలునకు బిడ్డవైపున కొంత వెల చెల్లింపవలసి వచ్చినది. తక్కెడ ఎటు మొగ్గవలెనో నిర్ణయించుట ఆ తల్లితో కలసి వైద్యుడు చేయవలసిన పని.

ఇచట రక్తపరీక్ష కథలో ప్రవేశించుచున్నది. అందరు గర్భిణులకును ఒక్కటే వారము చెప్పుటకు బదులు, ఎవరి వ్యాధి వేగముగా ముదురునో, ఎవరిది నిలకడగా ఉండునో ముందుగా తెలిసినచో తక్కెడను ఒక్కొక్కరికి వేరుగా తూచవచ్చును గదా! 2003లో అమెరికాలోని బోస్టన్ నగరమున బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ వైద్యకేంద్రములో అనంత్ కరుమంచి, షారన్ మేనార్డ్, వారి సహచరులు ప్రకటించిన పరిశోధన దీనికి దారి చూపినది. భారతదేశమునుండి వెళ్లిన కరుమంచి మూత్రపిండముల వైద్యుడు. ఆ యింటిపేరు తెలుగు చెవికి కొత్తదిగా వినిపించదు. వ్యాధిగ్రస్తుల మాయలలో ఎస్-ఫ్లిట్-1 అను ప్రోటీను మితిమీరి తయారగుచున్నదని వారు కనుగొన్నారు. దానిని గర్భముతో ఉన్న ఎలుకలకు ఇచ్చినప్పుడు వాటికి రక్తపు పోటు పెరిగినది, మూత్రములో ప్రోటీను పోయినది, మూత్రపిండములలో ఈ వ్యాధికే ప్రత్యేకమైన వికారము కలిగినది.

ఆ ప్రోటీను చేయు పనిని సులభముగా ఇట్లు చెప్పవచ్చును. రక్తనాళముల లోపలి పొర ఆరోగ్యముగా ఉండుటకు కొన్ని పోషకకారకములు నిత్యము అందుచుండవలెను. వానిలో మాయ తయారుచేయునది పి.ఎల్.జి.ఎఫ్. గర్భము తొలినాళ్లలో మాయ గర్భాశయపు రక్తనాళములలోనికి సరిగా పాతుకొనక, దానికి రక్తము చాలనప్పుడు, అది ఎస్-ఫ్లిట్-1ను అధికముగా విడుదల చేయును. ఈ ప్రోటీను పోషకకారకములను దారిలోనే పట్టి బంధించును. అవి చేరవలసిన చోటికి చేరవు. తల్లి శరీరమంతట రక్తనాళములు బిగిసిపోవును. అందుచేత వ్యాధి ముదురుచున్నకొలది రక్తములో మొదటిది తగ్గును, రెండవది పెరుగును. 2004లో లెవీన్, కరుమంచి మొదలగువారు నిలువచేసిన రక్తపు నమూనాలను పరీక్షించి, లక్షణములు కనబడుటకు సుమారు ఐదు వారముల ముందే ఎస్-ఫ్లిట్-1 పెరుగనారంభించునని చూపినారు. మూర్ఛనుండి మూత్రమునకు, మూత్రమునుండి పట్టీకి జరిగిన తెలివిడి ఇప్పుడు రక్తములోనికి, మరికొన్ని వారములు వెనుకకు జరిగినది.

2016లో 14 దేశములలో జరిగిన ప్రోగ్నోసిస్ పరిశీలన దీనిని ఒక అంకెగా మార్చినది. వ్యాధి అనుమానము కలిగిన స్త్రీ రక్తములో ఎస్-ఫ్లిట్-1కిని, పి.ఎల్.జి.ఎఫ్.కిని గల నిష్పత్తి 38 గాని, అంతకు తక్కువ గాని ఉన్నచో, రానున్న వారము దినములలో ప్రీఎక్లాంప్సియా రాదని 99.3 శాతము నమ్మకముతో చెప్పవచ్చునని తేలినది. అయితే ఆ అంకె 38కి మించినవారిలో నాలుగు వారములలోపున వ్యాధి వచ్చినది 36.7 శాతమునకే. ఈ రెండు అంకెలను కలిపి చదువవలెను. ఈ పరీక్ష "భయము లేదు" అన్నప్పుడు గట్టిగా అనును. "భయమున్నది" అన్నప్పుడు అంత గట్టిగా అనలేదు. 2019లో ఇంగ్లండులోని 11 ప్రసూతి కేంద్రములలో జరిగిన ప్యారట్ పరిశీలనలో పి.ఎల్.జి.ఎఫ్. ఫలితమును వైద్యులకు తెలియజేసినప్పుడు, వ్యాధిని నిర్ధారించుటకు పట్టు కాలము 4.1 దినములనుండి 1.9 దినములకు తగ్గినది. తల్లులకు కలుగు తీవ్రమైన కీడులు కూడ తగ్గినవి. కాని కానుపులు జరిగిన వారములలో చెప్పదగిన భేదము కనబడలేదు. 2023 మే నెలలో అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ ఈ రెండు ప్రోటీనుల పరీక్షను అనుమతించినది. అది రక్తపు పోటుతో ఆసుపత్రిలో చేరిన స్త్రీలలో రెండు వారములలోపున తీవ్రరూపము దాల్చు అవకాశమును తెలిసికొనుటకు ఉద్దేశింపబడినది.

ఇంతటి పరీక్ష చేతికి వచ్చిన పిమ్మట కానుపు దినమును కూడ అదియే చెప్పునని ఆశించుట సహజము. ఇచటనే నిదానము కావలెను. బ్రిటనులో వైద్యప్రమాణములను నిర్ణయించు నైస్ సంస్థ 2022లో ఈ పరీక్షలను వ్యాధి అనుమానమున్న గర్భిణుల విషయమున వాడుకొనవచ్చునని చెప్పుచునే, నెలలు నిండకముందు కానుపు చేయవలెనా అను నిర్ణయమునకు మాత్రము వీనిని ఆధారముగా తీసికొనరాదని స్పష్టముగా వ్రాసినది. మా నాయనగారు చెప్పిన ఉక్కు నమూనాతో పోలిక ఇంతవరకే పనికివచ్చును. కొలిమిలోని అంకె దింపుమని చెప్పినచో దింపుదురు. గర్భిణి రక్తములోని అంకె "దింపుము" అని చెప్పదు. "కనిపెట్టి యుండుము" అనియో, "ఈ వారము కొంత నిబ్బరముగా ఉండవచ్చును" అనియో చెప్పును. కానుపు నిర్ణయము నేటికిని వారముల లెక్క, రక్తపు పోటు, మూత్రపిండముల స్థితి, బిడ్డ కదలిక, తల్లి చెప్పు తలనొప్పి—వీని అన్నిటి కలయికపైననే ఆధారపడి ఉన్నది.

ఈ పరిశీలనలలో చాలవరకు సంపన్నదేశముల స్త్రీలపై జరిగినవి. మన ఊళ్లలోని ప్రశ్నలకు సమాధానములు మన ఊళ్లలోనే వెదకవలెను. సంతోషింపదగిన విషయమేమనగా, భిలాయి మీదుగా పోవు ఇదే రైలుమార్గములో పడమర నున్న నాగపురములో అట్టి పని జరిగినది. అచటి రెండు ప్రభుత్వ ఆసుపత్రులలో రక్తపు పోటుతో బాధపడుచున్న 602 మంది గర్భిణులకు నొప్పులు రప్పించు పద్ధతులను పోల్చి 2017లో ఫలితములు ప్రకటించినారు. నోటి ద్వారా చిన్న మోతాదులలో మిసోప్రోస్టాల్ మాత్ర ఇచ్చినవారిలో 57 శాతమునకు, రబ్బరు గొట్టము అమర్చినవారిలో 47 శాతమునకు 24 గంటలలోపున సహజమార్గమున కానుపు జరిగినది. 2019లో అదే నగరమున 894 మందిపై జరిగిన పరిశీలన, తీవ్రమైన రక్తపు పోటును నిఫెడిపిన్, మిథైల్‌డోపా, లాబెటలాల్ అను నోటిమందులతోనే అధికసంఖ్యాకులలో అదుపు చేయవచ్చునని చూపినది. సూదిమందు ఇచ్చి గంట గంటకు కనిపెట్టు సిబ్బంది లేనిచోట దీని విలువ ఎంతయో ఊహింపవచ్చును. 2023లో భారత, జాంబియా దేశములలోని 565 మందిపై జరిగిన క్రేడిల్-4 పరిశీలన, 34 నుండి 37 వారముల నడుమ ముందుగా కానుపు చేయు ప్రశ్నను మన పరిస్థితులలో మరల అడిగినది. తల్లుల మొత్తపు లెక్కలో నిశ్చయముగా చెప్పదగిన భేదము రాలేదు గాని, తీవ్రమైన రక్తపు పోటును, కడుపులోనే బిడ్డ చనిపోవుటయు తగ్గినవి. పుట్టిన బిడ్డలకు అదనపు కీడు కనబడలేదు. సంపన్నదేశముల తక్కెడయు మన తక్కెడయు ఒక్కటి కాదని దీనివలన తెలియుచున్నది. గట్టి కాపుదల లేనిచోట వేచియుండుటలోని గండము పెద్దది.

కాపుదల యను మాట ఈ ప్రాంతమున వట్టి మాట కాదు. భిలాయి కొలిములకు ఇనుపరాయి దల్లీ రాజహరా గనులనుండి వచ్చును. 1977లో అచటి గనికార్మికులు ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘమును స్థాపించుకొనిరి. ఆ యేడు జూన్‌లో జరిగిన కాల్పులలో కార్మికులు మరణించిరి. ఆ సంఘపు ఉపాధ్యక్షురాలు కుసుంబాయి తరువాత ప్రసవ సమయమున తగిన చికిత్స అందక కన్నుమూసినది. తమ నాయకురాలినే కానుపులో పోగొట్టుకొనిన కార్మికులు, శంకర్ గుహా నియోగి నాయకత్వమున తమ చెమటతో, తమ చందాలతో ఒక ఆసుపత్రిని నిర్మించుకొనిరి. 1977 కాల్పులలో మరణించినవారి స్మృతిచిహ్నముగా 1983 జూన్ 3న అది షహీద్ ఆసుపత్రి యను పేరుతో ప్రారంభమైనది. భిలాయిలో అప్పటికే ఉక్కు కర్మాగారపు పెద్ద ఆసుపత్రి సెక్టార్ 9లో ఉన్నది. పెద్ద ఆసుపత్రి ఉండుట వేరు, సమయమునకు అందుట వేరు అని ఆ గనికార్మికులు ఏ పరిశోధనయు చదువకయే గ్రహించిరి.

ఆ అంతరము నేటికిని తీరలేదు. 2018–20 నాటి ప్రభుత్వపు లెక్కల ప్రకారము లక్ష సజీవ జననములకు తల్లుల మరణములు దేశమంతటికి 97, ఛత్తీస్‌గఢ్‌లో 137. ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. ఈ మరణములకు రక్తస్రావము మొదలుకొని అనేక కారణములున్నవి. ప్రపంచములో సుమారు ఏడింట ఒక వంతు రక్తపు పోటువలన కలుగుచున్నవని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. ఈ అంకెలను చూచినచో భిలాయి తెలుగుపిల్ల పుట్టింటికి పోవుట కేవలము ఆచారము కొరకే కాదు, మేలుకొరకు కూడ అని ఒకరు వాదింపవచ్చును. వాదము నిజమే కావచ్చును. కాని ఈ వ్యాధి రెండు రాష్ట్రముల నడుమనున్న ప్రయాణములోను, దిగిన తరువాతి ఏమరుపాటులోను ముదురును. అచటి మంచి ఆసుపత్రికి ఆమె కథ తెలియనిచో దాని మంచితనము సగమే ఉపయోగపడును.

కాబట్టి రక్తపరీక్ష యొక్క చరిత్రనుండి మనము గ్రహింపవలసినది నాకు ఇట్లు తోచుచున్నది. లీవర్ దీపమునుండి బోస్టన్ ప్రయోగశాల వరకు జరిగినదంతయు ఒక్కటే పని: తెలియవలసిన సంగతిని కొంచెము ముందుగా తెలిసికొనుట. ఐదు వారముల ముందు తెలిసినను, ఐదు గంటల ముందు తెలిసినను, తెలిసిన సంగతి చేరవలసినవారికి చేరినప్పుడే అది కాలముగా మారును. రక్తములోని ప్రోటీనులను కొలుచు యంత్రము అన్ని ఊళ్లకు రావలెను. వచ్చుటకు ఇంకను కాలము పట్టును. అంతవరకు వారమునకొకసారి పట్టీ చుట్టి వ్రాసిన అంకె, ఆ అంకెను వెంట తీసికొని పోవు చేయి, తలనొప్పిని బడలిక అనక వైద్యునికి చెప్పు నోరు—ఇవి మన చేతిలోనివి. యంత్రము వచ్చిన తరువాత కూడ ఇవి తప్పవు.

మా అక్కయ్యకు ఇప్పుడు అరువది దాటినవి. తరువాత పుట్టిన కుమారునితో ఆమె భిలాయిలోనే ఉన్నది. కిందటి యేడు కోడలు తొలిచూలుతో పుట్టింటికి బయలుదేరినప్పుడు పవర్ హౌస్ స్టేషనుకు నేనును వెళ్లితిని. కోడలి రక్తపు పోటు కొంచెము హెచ్చుగా ఉన్నందున వైద్యురాలు రక్తపరీక్ష చేయించి, అంకెలు చూచి, ఈ వారములో ప్రయాణమునకు అడ్డులేదని, దిగిన వెంటనే అక్కడి వైద్యులకు చూపవలెనని చెప్పినదట. కుమారుడు కాగితములన్నియు పెద్ద పెట్టెలో సర్దినాడు. అక్కయ్య ఆ పెట్టెను ప్లాట్‌ఫారము మీదనే తెరిపించి, కాగితముల కట్ట బయటికి తీయించి కోడలి ఒడిలో పెట్టినది.

"పెట్టెలో వద్దమ్మా, నీ చేతిసంచిలోనే ఉంచుకో. రేపు దిగగానే మీ అమ్మతో చెప్పు, ముందు ఇది డాక్టరమ్మకు చూపించి, తరువాత చుట్టాలను చూద్దురుగాని" అన్నది.

బండి వచ్చువరకు ఆమె ఆ చేతిసంచి వైపే చూచుచుండెను.